నాలుగో పిలుపు

సిరొంచలో మా గిర్ని.
ఏండ్ల సంది మిరపకాయలు పట్టీ పట్టీ
నాయిన చెవులు మొద్దుబారినయ్.
"బక్కయ్యా" అంటే పలుకడు.
రెండోసారికి ముఖం తిప్పుతడు,
మూడోసారికి పట్టా దించి గిర్ని బందు చేస్తడు.
నాలుగోసారికి, "ఆఁ, చెప్పుండ్రి."

కారం పొట్లం మీది కొంగను గీసింది నేనే.
ఏడో తరగతిల, మరాఠీ నోటుబుక్కు చివరి పేజీల,
ప్రాణహిత ఇసుకమేట మీద
ఒంటికాలితో నిలబడ్డదాన్ని చూసుకుంట.
ముక్కు జర పొడుగైంది.
నాయిన ఆ ముక్కుతోనే చాందాల రబ్బరు అచ్చు చేయించిండు.

నాగపూర్ల ఎవరికో ఇంకో కొంగ ఉందట.
దానికి నంబరుందట, సర్కారు బుక్కుల పేరుందట.
మాది వాళ్లదాన్ని పోలిందట,
కొనేటోళ్లు మోసపోతరట.
ఇసుకల నిలబడ్డది ఎవరిని పోలిందో
ఎవరూ అడుగలె.

కాయితమొచ్చిన నెల మేం చేన్లనే ఉన్నం,
మిరప ఏరుడు, ఆడనే వంట, ఆడనే నిద్ర.
పోస్టుమన్ రెండుసార్లు వచ్చి
కవరు మీద "ఇంటికి తాళం" అని రాసి మళ్లగొట్టిండు.
ఆ రెండు మాటలే
మేం అందుకొని చేసిన సంతకం కింద లెక్కనట.
తాళంచెవి అమ్మ కొంగుముడిల ఉండె.

కోర్టుల మూడుసార్లు పిలిచిండ్రట:
"అడ్డూరి బక్కయ్యా, హాజిర్ హో!"
నాకా వరండా కండ్ల ముందట కనబడుతది.
చప్రాసి మా ఇంటిపేరును
మరాఠీ నాలుకతో విరుసుకుంట అరుస్తున్నడు.
మూడే.
మా నాయిన నాలుగోదానికి పలుకుతడని
వాళ్లకెవరు చెప్పాలె?

ప్రతివాది రాలేదు గనుక
వాది చెప్పిందంతా నిజం.

అమీను వచ్చి అచ్చు పట్టుకపోయిండు.
ఖాళీ పొట్లాలు పదకొండు వందలు లెక్కపెట్టి
గిర్ని ముందటనే కాలబెట్టించిండు.
అంటుకున్న కారానికి వాడంతా దగ్గింది.
అమీను అందరికన్న ఎక్కువ దగ్గిండు,
అమ్మే నీళ్లిచ్చింది.

లక్షన్నర కట్టాలె.
ఎనిమిది క్వింటాళ్ల ఎండుమిరప.
ఇప్పుడు తెల్ల పొట్లాలు అమ్ముతున్నం,
వచ్చినోళ్లు మాత్రం "కొంగ కారం" అనే అడుగుతరు.
వాళ్ల నోళ్లకు నోటీసు రాలే.

ముప్పై రోజుల్ల పోతే
తీర్పు తిరగదోడొచ్చని వకీలు అన్నడు.
ఇరవై ఆరు అయిపోయినయ్.
తెల్లారి అహేరి బస్సు, ఆడికెల్లి నాగపూర్.

పొద్దుమీకినంక నాయిన గిర్ని బందు పెట్టి
చెవి ఎనుక చెయ్యి ఆనిచ్చి కూసున్నడు.
నేను వాకిట్ల నిలబడి
చప్రాసి లెక్క పిలుస్తున్న.
ఒక్కటి.
నది దిక్కే చూస్తున్నడు.
రెండు.