కారణం అన్న గడి

మార్చి నెలాఖరు. మందసలో, పంచర్ల షాపు మీద గది.
కింద ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు,
పైన తిరగని ఫ్యాను.
బీరువాలో రసీదుల కన్నా విత్తనాలే ఎక్కువ:
నేరేడు, నల్లమద్ది, కరక, ఏగిస,
పాత హార్లిక్స్ సీసాల్లో,
మూతల మీద నా చేతిరాత.

పలాస జీడి బట్టీలో పదకొండేళ్ళు పద్దులు రాశాను.
బస్తా పిక్కకి పప్పెంతో పొట్టెంతో
నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.
ఇక్కడ బుదాయి అడుగుతాడు, చుట్ట పక్కకి తిప్పి:
"దమయంతమ్మా, ఈ యేడు కొండెంత పెరిగింది?"
ఏ తక్కెట్లో వెయ్యను?

డబ్బిచ్చేవాళ్ళు పంపిన కాగితంలో
గడులన్నీ సమానంగా ఉన్నాయి.
ఊళ్ళు: తొమ్మిది.
కాపలా రాత్రులు: నూట పన్నెండు.
సిబ్బంది అర్హతలు.
ఐతమ్మ పేరు పక్కన "చదువు లేదు" అని రాసి
కొట్టేశాను.
ఏ ఊట ఏ నెల్లో ఇంకుతుందో
ఆవిడ మడమలకు తెలుసు. దాన్నేమని రాస్తారో నాకు తెలీదు.
వైకుంఠరావు, రిటైరయిన ఫారెస్టు గార్డు.
ఒకప్పుడు బుదాయి గొడ్డలి లాక్కుని కేసు రాసింది ఈయనే.
గొడ్డలింకా సోంపేట కోర్టులోనే ఉందట.
ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే అగ్గిపెట్టె.

తర్వాతి గడి: అగ్నిప్రమాదాలు.
ఒకటి.

మొన్న ఆదివారం రాత్రి పదకొండుకి ఐతమ్మ ఫోను.
మాట లేదు. చిటపట మాత్రం వినిపించింది.
నేను ఆటోలో వెళ్ళేసరికి
నక్కలమెట్ట నడుం చుట్టూ ఎర్రటి మొలతాడు.
మగాళ్ళు పచ్చి రొట్ట విరిచి బాదుతున్నారు.
ఆడాళ్ళు సంతకని కట్టిన కొండచీపుర్లు విప్పేసి
ఎండుటాకుల్ని ఊడుస్తున్నారు,
మంటకి ముందు జానెడు నేల బోడిగా కనిపించేదాకా.
నాకూ ఒకటిచ్చారు.
పద్దులు రాసే చెయ్యి, నాలుగు ఊడ్పులకే బొబ్బలెక్కింది.
తెల్లారేసరికి నిప్పు ఆ గీత దగ్గర
కాసేపు ఆలోచించి, పడుకుంది.

అంటించింది బయటివాడు కాదు.
బుదాయి మేనల్లుడు మంగడు, ఇంటరు తప్పినవాడు.
పది జీడిమొక్కలకు చోటు కోసం తుప్పలు కాల్చాడు.
గాలి వాడి మాట వినలేదు.

బూడిదలో కూర్చున్నాం అందరం.
వైకుంఠరావు పాత అలవాటు కొద్దీ
నోటుబుక్కు తీసి పెన్ను మూత విప్పాడు.
"రాయి బాబూ," అన్నాడు బుదాయి,
"నా పేరు రాసిన సెయ్యే కదా, ఆడిదీ రాయి."
ఆయన చాలాసేపు పెన్ను వంకే చూసి
మూత పెట్టేశాడు.
ఐతమ్మ ఊసిన ఉమ్ము కూడా నల్లగా ఉంది.
"కోర్టుకి ఆడెల్తే మొక్కలకి నీలెవుడు పోస్తాడు?
వానలొచ్చేదాకా ఆడే మొయ్యాల. అంతే."

తీర్మానం పుస్తకం తిప్పాను.
ఇంకు ప్యాడు ఎవరూ అడగలేదు.
ముప్ఫై ఒక్క బొటనవేళ్ళు, బొగ్గువి.
మంగడికి సంతకం వచ్చు. అయినా వేలే వేశాడు.

ఇప్పుడు ఈ కాగితం ముందు నేను.
నష్టం: సుమారు రెండెకరాలు.
చీపుర్లు నలభై రెండు, కాలినవి.
టార్చి సెల్లులు, అప్పు, కోమటి గున్నయ్య కొట్లో.
పక్కనే "కారణం" అన్న గడి,
వేలెడంత ఖాళీ.
"గాలి" అని రాశాను.
అబద్ధం కాదు. నిజమని చెప్పడానికీ
నోరు పూర్తిగా రాదు.
జీడి బట్టీలో అయితే ఇలాంటి పద్దుకి
సేటు నా జీతం కోసేవాడు.

మెట్ల మీద చప్పుడు.
మంగడు. భుజం మీద కావడి రాసుకుపోయి
చొక్కా చిరిగింది. లోపలికి రాలేదు.
"అక్కా, బిందెలు సిన్నవయిపోనాయి.
రెండు పెద్దయి కొంటారేటి?"

ఖర్చుల్లో ఇంకో వరస కలిపాను.