వయసు గడి

లేవార్డెన్ ఆఫీసు నుంచి నేను తెచ్చిన కాగితంలో
మొదటి గడి: వయసు.
ముప్పై తొమ్మిది, అని రాశాను.
పదిహేను దాటితే ఎర్ర సిరా. అదీ నియమం.

తూము గది నిండా తడి ఉన్ని వాసన.
బయట ఫ్రీస్‌లాండ్ గట్టు మీద గొర్రెలు
వానకు వీపు తిప్పి నిలబడ్డాయి.
నల్లటి తెర మీద పచ్చటి అంకెలు రెండే:
లోపలి నీరు, బయటి సముద్రం.
సముద్రం దిగితే తలుపు తెరువు. ఎక్కితే మూసెయ్.
ఇంతే దాని చదువు.
పాత చింతకాయ పచ్చడి, అనుకున్నాను.

వీబ్రెన్ కాఫీ పోస్తూ అన్నాడు:
"దీనికి రెండువేల సంవత్సరం రాయడం రాదు.
అందుకని ఆ జనవరిలో క్యాలెండరు
ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి తిప్పాం,
ఆదివారం ఆదివారంగానే ఉండేట్టు.
దీని లెక్కలో ఇప్పుడు తొంభై ఏడు."

వేళ్ళ మీద లెక్కపెట్టాను.
అంటే పద్నాలుగేళ్ళు ఇది
తాను పుట్టకముందు రోజుల్లో పనిచేసింది.
ఇప్పుడు దీనికి పదకొండు.
ఎర్ర కలానికి మూత పెట్టాను, మళ్ళీ తీశాను.

నీళ్ళు ఏ సంవత్సరమని అడగవు కదా.

కిందటేడు పక్క తూముకు
కొత్త ప్రోగ్రాం పెట్టారు, వేలు తగిలితే వెలిగే తెర.
డిసెంబరు తుఫాను రాత్రి అది
పాస్‌వర్డు మార్చమంటూ కూర్చుంది.
బంగాళాదుంపల పొలంలో మోకాలి లోతు ఉప్పునీరు.
ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
నాకూ ఆపాలనే ఉంది

కానీ అడిగేశాను: "రేపు ఇది ఆగిపోతే?"

వీబ్రెన్ మోకాలు నిమురుకున్నాడు.
దీన్ని రాసిన హిల్తియే పోయి ఆరేళ్ళు.
ఆమె చేతిరాత పుస్తకం బీరువాలో ఉంది,
సగం పేజీలు ఎలుకలు చదివేశాయి.
మిగతా సగం ఇతనికి తెలుసు. ఇతనికొక్కడికే.
ఏప్రిల్‌లో రిటైరవుతాడు.

వయసుకు గడి ఉంది.
ఉపయోగానికి ఒకటి నేనే గీసుకోగలను.
'తెలిసినవాళ్ళు ఎందరు' అన్నదాన్ని
ఎక్కడ ఇరికించాలో తోచలేదు.

ఆరు దాటాక సముద్రం దిగింది.
తెర మీద ఒక అంకె కదిలింది,
గోడ అవతల ఎక్కడో ఇనుము మూలిగింది,
కాలువ మెల్లగా బయటికి నడిచింది.

నేను కాగితం తిరగేశాను.
"మొదటి పేజీ చదవండి," అన్నాను వీబ్రెన్‌తో.
"కాస్త నిదానంగా. రాసుకోవాలి."