రెండో చెయ్యి

కొత్తవాడల పొద్దుగూకే యాళ్ల
జంపఖానా నేస్తున్న మా ఓదెలు బావ
పంజా ఇడిచిపెట్టి
"ఈపుల ఏదో పర్రున చినిగిందే" అన్నడు.

నలభై ఏండ్లు మగ్గం గుంటల కూసున్నోడు,
చినుగుడంటే ఏందో ఆయనకు తెల్వదా?
మేమే ఇనలే.
గ్యాసన్నం. సోడా తాపినం.
నొప్పి రెక్కల నడుమ నుంచి నడుముకు దిగుతుంటే
బామ్ రాసుకుంట కూసున్నం.

ఎంజీఎంల ఈసీజీ బాగనే ఉన్నదన్నరు.
చెప్పులేసుకున్నం గూడ.
ఇంకా సదువు ఒడవని డాక్టరు పిల్ల
కుడిచేతికి బీపీ చూసి, ఏమనుకున్నదో,
ఎడమచేతికీ పట్టీ చుట్టింది.
నూట ఎనభై.
నూట పది.
ఒక్క మనిషిల రెండు లెక్కలు.

"గుండెల నుంచొచ్చే పెద్ద నాళం
పొరలు పొరలుగ ఉంటదమ్మా.
లోపలి పొర చినిగింది.
నెత్తురు పొరల నడుమ తొవ్వ చేసుకుంటున్నది."
ఆ పిల్లకు మా పని తెల్వదు.
బావ మాత్రం తలూపిండు,
నేను ముందే చెప్పిన గదా అన్నట్టు.

అంబులెన్సు జనగామ దాటింది.
భువనగిరి దాటలే.
సోడా తాగిన రెండు గంటలే
తక్కువ పడ్డయి.

ఇప్పుడు వాడకట్టుల ఎవలన్న ఈపు పట్టుకుంటే
సోడా తేను, ఆటో పిలుస్త.
రెండో చెయ్యి గూడ సూడున్రి సారూ అంట.
బావ కొడుకు నవ్వుతడు.
నవ్వనీ,
వానికీ స్కానింగు చేపిచ్చిన.