నడవలో నేర్చుకున్నది

ఏప్రిల్ దాకా మా మైదానం మంచు కిందే ఉంటుంది.
అందుకే అవొమొరిలో బేస్‌బాల్
బడి నడవలో మొదలవుతుంది,
చెప్పుల అరల పక్కన, మేజోళ్ళతో.
గట్టిగా కొడితే కిటికీలు పగులుతాయి.
మిగిలింది బంట్ ఒక్కటే.

కోచ్ కుజుహరా గారికి ఆపిల్ తోట ఉంది.
కత్తెర పట్టీ పట్టీ వేళ్ళు కాయలు కాచాయి.
"కొట్టకు," అనేవారు,
"పండు కోసి బుట్టలో పెడతావే, అలా.
కమిలితే ఎవడు కొంటాడు?
గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా!"

బ్యాట్ అడ్డంగా. మోకాళ్ళు కాస్త వంచి.
పై చేతి వేళ్ళు కర్ర వెనక దాచుకుని.
బంతికి ఎదురెళ్ళకూడదు,
అది తెచ్చిన ఊపంతా
మణికట్టులోకి ఇంకిపోనివ్వాలి.
రోజుకి రెండు వందలు.
ఆకాశం చీల్చే దెబ్బల కోసం చేరినవాణ్ణి,
పదిహేడేళ్ళకి ఇంతకన్నా నామర్దా ఏముంటుంది?
ఆ చలికి బొటనవేలు రెండుసార్లు చిట్లింది.
ఇంట్లో ఎవరూ చూడలేదు,
కొమ్మలు కత్తిరించే రోజులవి.

జులై. హిరోసాకి. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు సమానం.
మొదటి బేస్ మీద సొమా.
కుజుహరా గారు టోపీ అంచు ముట్టుకున్నారు.
ఏం చేయబోతున్నానో స్టేడియమంతటికీ తెలుసు,
చిరుతిళ్ళమ్మే ముసలామెకి కూడా.
మూడో బేస్ వాడు పిల్లిలా ముందుకొస్తున్నాడు.

బంతి వచ్చింది.
తలుపు మీద వేలితో తట్టినంత చప్పుడు.
గడ్డిలో దొర్లి, ఇంకాస్త దొర్లి,
గీతకి ఇవతలే బద్ధకంగా ఆగింది.
పరిగెత్తాను. సగం దారిలోనే ఔటయ్యాను.
అక్కడ రెండో బేస్ మీద
సొమా ప్యాంటు దులుపుకుంటున్నాడు.

తిరిగొస్తుంటే బెంచీ అంతా లేచి నిలబడింది,
చేతులు చాచి.
ఔటైనవాడికి అంత మర్యాద
నేను ఊహించలేదు.

తర్వాతి ఇద్దరూ గాల్లోకి లేపి దొరికిపోయారు.
పదో ఇన్నింగ్స్‌లో ఓడిపోయాం.
ఆ బంట్ స్కోరు పుస్తకంలో నా వంతుల కింద లెక్కకు రాదు.
కొట్టినట్టూ కాదు, కొట్టలేకపోయినట్టూ కాదు.

ఇప్పుడు నేను ఆయన తోటలోనే పని చేస్తున్నాను.
మేలో గుత్తికి ఐదు పూలు.
నడిమిది ఉంచి
మిగతా నాలుగూ గోటితో గిల్లేయాలి.
మొదటి ఏడు చెయ్యి రాలేదు,
చాటుగా రెండేసి వదిలేసేవాణ్ణి.
ఆ కొమ్మలకి నిమ్మకాయంత ఆపిల్స్ కాశాయి.

నిచ్చెన కింద నిలబడి కుజుహరా గారు
"మెత్తగా" అంటారు.
పూల గురించో, ఇంకా ఆ జులై గురించో
నేనడగను.
బొటనవేలు మాత్రం
చలి ముదిరితే ఇప్పటికీ సలుపుతుంది.