నలభై తక్కువ

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టు ముందు
మూడింటి ఎండలో నిలబడ్డాను.
బ్యాంకు పని అయిపోయింది.
సంఘం ముద్ర వేసిన ఊదా సిరా
బొటనవేలికి ఇంకా ఉంది.
సంచిలో మినిట్స్ పుస్తకం, రబ్బరు స్టాంపు,
జాకెట్లు కుట్టిన డబ్బులు నూట అరవై.

ఇంటర్ గైడ్ల గుట్ట వెనక నుంచి
రెండు పుస్తకాలు లాగాడు ఖాజావలి.
చేపలమ్మేవాళ్ళు మొప్పలెత్తి చూపించినట్టు
అట్టలెత్తి చూపించాడు.

ఒకటి నాయకత్వం గురించి.
అట్ట మీద కొండ కొన,
కొన మీద కోటు తొడుక్కున్న మనిషి.
ఒక్కడే ఉన్నాడు.
అతని మంచినీళ్ళ సీసా అంత ఎత్తుకి ఎవరు మోశారో
బొమ్మలో లేదు.
"లీడరు మీరే కదమ్మా, మీకిదే కరెక్టు."

లీడరునే.
రాణిగారితోట, మూడో లైను, మందార పొదుపు సంఘం.
ఎవరూ ఎన్నుకోలేదు.
రెండుసార్లు పెడితే రెండుసార్లూ ఒకేలా వచ్చే సంతకం
నాదొక్కటేనని మేనేజరు అంటే
తొమ్మిది తలలు ఊగాయి.
నాయకుడికి పదహారు లక్షణాలట, లోపల పట్టిక ఉంది.
సంతకం అందులో లేదు.

రెండోది అప్పు చరిత్ర.
లావుది. వీపుకి గోధుమరంగు టేపు.
ముందు చదివినవాళ్ళెవరో పెన్సిలుతో గీతలు గీస్తూ వచ్చి
తొంభై ఒకటో పేజీలో, ఒక వాక్యం మధ్యలో ఆపేశారు.
ఎవరో తలుపు కొట్టి ఉంటారు.

నిలబడే నాలుగు పేజీలు తిరగేశాను.
నాణెం కంటే అప్పే పెద్దదట వయసులో.
ఎక్కడో మట్టి పలకల మీద రాసుకునేవాళ్ళట
ఎవరెన్ని కొలతల గింజలు బాకీయో.
కొత్త రాజు గద్దెనెక్కితే ఒక్కోసారి
ఆ పలకలు పగలగొట్టించేవాడట.
ఆ చప్పుడు ఎలా ఉండేదో
ఎంత ఆలోచించినా చెవికి రాలేదు.

సలోమీ గ్రైండరు చప్పుడైతే తెలుసు.
తెల్లారి నాలుగింటికి మొదలయ్యేది,
ఏడింటికల్లా లైనులో సగం ఇళ్ళకి దోసెల పిండి.
మూడు వాయిదాలు తప్పిందని
తొమ్మిదిమందిమీ వెళ్ళి దాని గడప దగ్గర కూర్చున్నాం.
తిట్టలేదు. అది మాత్రం చెప్పుకోవాలి,
ఒక్కళ్ళం కూడా తిట్టలేదు.
ఊరికే కూర్చున్నాం. మంచినీళ్ళిచ్చింది. తాగాం.
చీకటి పడకముందే గ్రైండరు ఆటో ఎక్కింది.
ఆ నెల మా సంఘానికి ఏ గ్రేడు.

"ముందు నడిచేవాడే నాయకుడు"
అని కొండ మీది మనిషి వెనక అట్ట మీద అంటున్నాడు.
నడిచాను కదయ్యా.
గడప దాకా అందరికంటే ముందు నేనే నడిచాను.

"ఇది వంద, అది రెండొందలు."
లావుదాని మీద చెయ్యి తియ్యలేదు నేను.
"నలభై తక్కువుంది."
"ఇటొచ్చినప్పుడు ఇవ్వండి."
"రాసుకో."
"ఎందుకమ్మా, గుర్తుంటుంది."
"రాసుకో ఖాజావలీ. పేరు, తేదీ, నలభై."
నవ్వాడు. రాయడానికి పెన్ను లేదన్నాడు.
నా సంచిలో ఉంది. చెయ్యి దాకా వెళ్ళి ఆగింది.
పదకొండేళ్ళలో రాయకుండా వదిలిన అంకె
నాకు ఒక్కటీ గుర్తులేదు.

ఆటోకి లేక బందరు కాలువ వంతెన మీదుగా నడిచాను.
పుస్తకం సంచిలో పట్టలేదు, చంకలో పెట్టుకున్నాను.
అట్ట చెమటకి మెత్తబడి జాకెట్టుకి అంటుకుంది.

సలోమీ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.
దాని వెనక, గోడవారన, గ్రైండరు ఉండే చోట
నేల ఇంకా చదరంగా తెల్లగా ఉంది.
పలకరించి చాన్నాళ్ళయిందని ఆగాను.
ఏం చెప్పాలో కూడా కొంచెం అనుకున్నాను,
మట్టి పలకల సంగతి, రాజు సంగతి.

అది నా మొహం చూడలేదు.
పుస్తకం చూసింది. ఏ పుస్తకమో చూడలేదు.
చేట పక్కన పెట్టి, లేచి,
చేతులు కొంగుకి తుడుచుకుని
"ఒక్క వారం ఆగు లీడరమ్మా" అంది.