డెబ్బై మూడు కిలోమీటర్ల తేడా

కుందులి సంతలో అల్లం బస్తాలు తూచిన చేతులు నావి.
ఇప్పుడు జయపురం ఎయిర్‌పోర్టులో
మనుషుల్ని తూస్తున్నాను.

తొమ్మిది సీట్ల బుల్లి విమానం.
చెప్పులతో, సంచితో సహా
ఒక్కొక్కరూ కాటా ఎక్కి నిలబడాలి.
కొందరు ఊపిరి బిగబడతారు, బరువు తగ్గుతుందని.
ఒక షావుకారైతే బొడ్లోంచి తాళాల గుత్తి తీసి
నా చేతికిచ్చి మరీ ఎక్కాడు.

ఆవేళ గవరయ్య వచ్చాడు.
విశాఖ నైట్ సర్వీసు ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన మనిషి.
మేనకోడలు కుట్టుషాపు తెరుస్తోందట, బయల్దేరాడు.
ఎవరు చెప్పారో, చెవుల్లో అప్పుడే దూది.
"ఏటి బావూ, ఇక్కడా సంత కాటాయేనా?"
యాభై నాలుగు కిలోలు.

దిగి, గోడ మీది బోర్డు కూడబలుక్కుని చదివాడు:
దూరం నూట నలభై ఏడు కిలోమీటర్లు.
సమయం యాభై నిమిషాలు.

"నా బండికి రెండొందల ఇరవై తిరిగీది మీటరు.
మరా డెబ్బై మూడూ ఏటయిపోనాయి?"

గాలిలో మలుపులుండవు కదా, అన్నాను.

"యాభై నిమిషాలా!
సుంకి ఘాటీలో లారీ ఎదురైతే
ఎనక్కి తియ్యడానికే సరిపోవురా."

ఎనిమిదిన్నరకి దేవమాలి వైపు నుంచి మబ్బు దిగింది.
రన్‌వే చివర గాలిసంచి
ఉందో లేదో తెలీలేదు.
తొమ్మిదికోసారి, పదికోసారి ఫోను మోగింది.
పదకొండుకి, ఇవాళ విమానం లేదన్నారు.

రిజిస్టర్లో ఎనిమిది బరువులు.
ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేస్తున్నట్టు
ఎర్ర సిరాతో కొట్టేశాను.

జీపొకటి దొరికింది గానీ
కుర్రాడు దయానిధి గొణిగాడు,
పొట్టంగి దాటితే రోడ్డు కనబడదు, నావల్ల కాదని.
గవరయ్య చెవుల్లోంచి దూది పీకేశాడు.
అబ్బాయిని పక్కకి జరగమని
సీటు కిందికి చెయ్యి పోనిచ్చి
ముందుకి లాక్కున్నాడు.
అంతే. ఎనిమిది మందీ ఎక్కేశారు,
ఎవర్నీ ఎవరూ తూచకుండా.

చీకటి పడ్డాక నర్సు సువర్ణలత బిసోయి ఫోను,
ఒరియా సగం, తెలుగు సగం:
"చేరాం. ఏడు గంటలు పట్టింది.
ఎదర ఎవరూ లేకపోయినా
ప్రతి మలుపుకీ హారన్ కొట్టాడు పెద్దాయన.
సుంకిలో టీ తాగాం.
కొట్టు ముసలమ్మ ఆయన దగ్గర డబ్బులు పుచ్చుకోలేదు.
ఎప్పుడో బస్సు లేటయిందని
చిల్లర తీసుకోకుండా పోయాడట.
నాలుగు రూపాయలు. ఇన్నాళ్ళూ గుర్తుంచుకుంది."

నా రిజిస్టర్లో దూరానికో గడి ఉంది,
సమయానికొకటి, బరువుకొకటి.
నాలుగు రూపాయలు ఏ గడిలో రాయాలో తోచలేదు.
పెన్నుకి మూత పెట్టి
రేపటికని కాటా ముల్లు సున్నాకి తిప్పాను.