బరువు మోయని పోగు

స్కార్వ్‌సుండ్ వంతెన కడుపులోకి
ఒక ఇనుప మూత ఎత్తి దిగుతాం.
లోపల నిటారుగా నిలబడి నడవచ్చు.
గాలి లేకపోయినా ఫిబ్రవరి చలి కరుస్తుంది.
నెత్తిమీద లారీ వెళితే
దూరాన ఉరిమినట్టు... కాదు,
పై అంతస్తులో ఎవరో బల్ల జరిపినట్టు.

కాంక్రీటు మీద చెక్క ఈనెలు ఇంకా ఉన్నాయి.
నలభయ్యేళ్ల కిందట పోతకు కట్టిన పలకలవి.
చెట్టు పోయింది, పలక పోయింది,
దాని వయసు గీతలు మాత్రం అచ్చుపడి ఉండిపోయాయి.
ఆ గీతల పక్కనే నేను గాజుపోగు అంటిస్తాను.

వెంట్రుకవాసి అంటారే, అంతే మందం.
పైతోలు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి,
రెండు కొసల్నీ నిప్పురవ్వ దగ్గర కలిపితే
అతుకు కూడా కనపడదు.
విరిగిన ముక్కల్ని లెక్కపెట్టి సీసాలో వేసి మూత బిగిస్తాం.
వేలిలో దిగితే వెతికినా దొరకవు.
రాగ్న్‌ఫ్రిడ్ ఆ సీసా దగ్గర కాఫీ తాగనివ్వదు.

పోగులో అక్కడక్కడా కంటికానని గాట్లు.
వెలుగు పంపితే ఒక్కో గాటు
ఒక్కో రంగును వెనక్కి తిప్పి పంపుతుంది.
వంతెన సాగితే ఆ రంగు జరుగుతుంది.
ఎంత? మీటరు పొడవుకి
మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగితే
మాకు అది ఒకటి.

పుస్తకాల్లో దీని పేరు వికృతి.
వంతెనకు ఆ మాట న్యాయం కాదు.
వంగడంలో వికారమేముంది,
వంగినది తిరిగి రాకపోతే కదా.

ప్రతి పోగు పక్కనా ఇంకో పోగు,
గొట్టంలో వదులుగా, దేనికీ అంటకుండా.
దానికి బరువంటే తెలియదు,
ఎండా చలీ మాత్రం తెలుసు.
మొదటిది చెప్పినదాంట్లోంచి
రెండోది చెప్పింది తీసేస్తే
మిగిలింది వంతెన సొంత బాధ.
కొత్తలో అడిగాను,
ఏమీ మోయనిదానికి ఇంత ఖర్చెందుకని.
రాగ్న్‌ఫ్రిడ్ జవాబివ్వలేదు, టేపు అందించమంది.

పద్నాలుగో గాటు.
చేపల లారీ దాటాక గీత దిగాలి. దిగింది.
మొదటి చోటికి మాత్రం రాలేదు.
మూడు మిగిలింది.
మర్నాడు ఐదు.
చలిని తీసేశాను. అయినా ఐదే.
వారానికి పదకొండు.

దీపాలు పట్టుకుని ఇద్దరం వెళ్లాం.
రెండు పోతలు కలిసేచోట, ఈనె గీతల్లో ఈనె గీతలాగే,
ఒక పగులు.
గోరుకు తగులుతుంది, కంటికి తగలదు.
దుమ్ము తుడిస్తే దాని పైన
వడ్రంగి పెన్సిల్‌తో నాలుగు ముక్కలు:
"వానలో పోశాం. వద్దన్నాను."
కింద తేదీ. పేరు లేదు.

రాగ్న్‌ఫ్రిడ్ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత చేతితొడుగు తీసి
ఆ అక్షరాల కింద వేలు ఆనించింది,
జ్వరం చూసినట్టు.

లారీలు ఆపేశారు.
సాల్మన్ చేపలు తొంభై కిలోమీటర్లు చుట్టు తిరుగుతున్నాయి.
దుకాణం గున్‌వోర్ మాకు రొట్టె అమ్ముతుంది గానీ
ముఖం చూడదు.
పాత పడవ సరంగు టోర్లైవ్,
వంతెన వచ్చిన రోజే కొలువు పోయినవాడు,
అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు
రోజూ ఒడ్డునుంచి దాన్ని చూసేవాడు.
ఇవాళ మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.
"ఎంత నొప్పి దానికి?"
"పదకొండు."
"పదకొండు ఏమిటి?"
చెప్పాను.
"నా మోకాలిది అంతకంటే ఎక్కువ" అని నవ్వి,
పోబోయి, వెనక్కి తిరిగి,
"అయినా చూడండి" అన్నాడు.

రాత్రి ఖాళీ వంతెన గీతల ముందు కూర్చున్నాను.
మీద ఏ బరువూ లేదు.
మోసే పోగులూ మోయని పోగులూ
ఒకే మాట చెబుతున్నాయి:
చలి, చలి, చలి.
పద్నాలుగో చోట తప్ప.